తలకోన కింద, మామిడి తోటలో ఒక రాత్రి

తలకోనకు వచ్చినవాళ్లు జలపాతం చూసుకుని, సిద్ధేశ్వరస్వామికి దండం పెట్టుకుని, చీకటి పడేలోపే భాకరాపేట ఘాట్ దిగి తిరుపతి చేరిపోతారు. జూన్ ఆఖర్లో, అమావాస్య దగ్గర పడ్డాక, రెండు మంచి వానలు కురిసిన తర్వాత, నేనూ నా ఫ్రెండూ వాళ్లకు ఎదురుగా బండి మీద వెళ్లాం. మేం చూడాలనుకున్నవి మాత్‌లు, దీపానికి వచ్చే రెక్కల పురుగులు. వెన్నెల లేని రాత్రి అయితేనే అవి లైటు దగ్గరికి బాగా వస్తాయి. శేషాచలం అడవి లోపల పర్మిషన్ లేకుండా రాత్రిపూట లైట్లు పెట్టి కూర్చోవడం కుదరదు, అది నేషనల్ పార్కు. అందుకే నెరబైలు దగ్గర అడవిని ఆనుకుని ఉన్న మా మామ మామిడి తోటకు వెళ్లాం. అడవిలో బతికేవీ చేలల్లో బతికేవీ ఒకే గుడ్డ మీద వాలే చోటు అది, నన్నడిగితే నడి అడవికంటే ఇలాంటి అంచులే నయం.

బోరు మోటారు షెడ్డు నుంచి కరెంటు లాగి, రెండు తోతాపురి చెట్ల మధ్య తాడు కట్టి, మామ పాత తెల్ల పంచె ఆరేసి, దాని ముందు 160 వాట్ల మెర్క్యురీ బల్బు వేలాడదీశాం. ఏడున్నరకల్లా చిన్నాచితకా పురుగులతో పంచె నిండిపోయింది.

మొదట గుర్తుపట్టింది మామే. తెల్లటి రెక్కలు, వాటి మీద గోధుమరంగు చారలు, రెక్క ముందు అంచునా తల మీదా పసుపు పట్టీ. "ఇది మన చెనక్కాయ చేలో పురుగే గదరా" అన్నాడు. నిజమే, ఎర్ర గొంగళి పురుగు తల్లి ఇది. వేసవంతా మట్టిలో ప్యూపాగా, అంటే గొంగళి పురుగుకూ రెక్కల పురుగుకూ మధ్య దశలో పడుండి, తొలి పెద్ద వాన పడగానే సాయంత్రాల్లో ఒక్కసారిగా పైకొస్తాయి. ఆడవి వందలకొద్దీ గుడ్లు పెడతాయి, పిల్లలు పెద్దవయ్యాక ఒక చేను తినేసి గుంపుగా పక్క చేలోకి నడుస్తాయి. "మా నాయన కాలంలో తొలి వాన పడినాక గట్ల మీద మంటలేసేవాళ్లు. ఊరంతా కలిసి వేస్తేనే పని జరిగేది. ఇప్పుడెవురు వేస్తాండారు?" అన్నాడు మామ. ఆ మంటలో పడే ఒక్కో తల్లి పురుగు వెనక ఎన్ని గొంగళి పురుగులు తగ్గుతాయో లెక్కేస్తే, ఖర్చు లేకుండా జరిగే అంత మంచి పనిని ఊళ్లు వదిలేసుకున్నందుకు నాకు బాధే.

తొమ్మిది దాటాక పెద్దవి మొదలయ్యాయి. పుర్రెబొమ్మ హాక్‌మాత్ ఒకటి గట్టిగా రొద చేస్తూ వచ్చి బల్బు వైరుకు కొట్టుకుని కిందపడింది. వీపు మీద పసుపురంగు పుర్రె ఆకారం అంత స్పష్టంగా ఉంటుందని ఫోటోల్లో చూస్తే తెలియదు. పుల్లతో మెల్లగా లేపబోతే కీచుమని అరిచింది. నోటిగుండా గాలి లోపలికి లాగి వదులుతూ చేసే శబ్దం అది. దీని గొంగళి పురుగు నువ్వుల చేలల్లో దొరుకుతుంది, పెద్దదయ్యాక తేనెపట్లలో దూరి తేనె తాగుతుంది.

ఇవన్నీ లైటు చుట్టూ ఎందుకు గిరగిరా తిరుగుతాయో ఆ రాత్రి దగ్గర్నుంచి చూశాం. 2024లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, ఎగిరే పురుగులు వెలుతురు వైపు వీపు తిప్పుతాయి. రాత్రి ఎంత చీకటైనా నేలకంటే ఆకాశమే కాస్త వెలుగు కాబట్టి వీపు అటుంటే నిటారుగా ఎగరగలవు. పక్కన బల్బు ఉంటే మాత్రం వీపు దానివైపు తిప్పుతూ తిప్పుతూ వంగి చుట్లు కొడతాయి, బల్బుకు పైగా వెళ్లినవైతే వెల్లకిలా తిరిగి కింద పడతాయి. మా పంచె ముందు అచ్చం అదే జరిగింది. లైటు మీద మోజుతో కాదు, దారి చెడి పడిపోతున్నాయని అర్థమయ్యాక అర్ధరాత్రికి బల్బు ఆపేశాం. తెల్లారేదాకా వదిలేస్తే పొద్దున్నే ఏట్రింత పిట్టలు వచ్చి పంచె మీద ఉన్నవాటిని ఉన్నట్టే ఏరుకు తింటాయి.

ఆపే ముందు వచ్చింది మూన్ మాత్. లేత ఆకుపచ్చ రెక్కలు, ముందు అంచు పొడవునా ముదురు ఎర్ర గీత, ఒళ్లంతా తెల్లటి నూగు, వెనక రెండు పొడవాటి తోకలు. చుట్టుపక్కల ఉన్న గుంపెన చెట్ల మీద పెరిగిందేమో, దీని పిల్లలు ఆ ఆకులు ఇష్టంగా తింటాయి. పెద్దదానికి తినే నోరే ఉండదు, గొంగళి పురుగుగా తిన్న తిండి మీదే వారం రోజులు బతికి, జత కట్టి, గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. ఆ వచ్చినదానికి ఒక తోక సగానికి తెగి ఉంది. ఎగిరేటప్పుడు మెలి తిరిగే ఆ తోకలు, గబ్బిలం వేట వెతుక్కోడానికి వదిలే శబ్దాన్ని తమ వైపు లాక్కుంటాయని అమెరికాలో ఇలాంటిదే అయిన లూనా మాత్ మీద ప్రయోగాలు చేసి చూపించారు. గబ్బిలం తోకను కొరుకుతుంది, పురుగు బతికిపోతుంది. దీని తోక ఎలా తెగిందో మేం చూడలేదు, కానీ ఎగరడంలో మాత్రం ఏ లోటూ లేదు.

తర్వాత టార్చి పట్టుకుని చెట్ల కింద తిరిగాం. రాలి కుళ్లిన కాయల వాసనకు వచ్చేవి వేరే, వాటికి లైటుతో పెద్దగా పని లేదు. ఒక తోతాపురి కాయ మీద ఎండుటాకు పడి ఉందనుకుని ఫ్రెండ్ వేలు పెట్టాడు, అంతే, ముందు రెక్కలు తెరుచుకుని లోపల నారింజరంగు రెక్కలు, వాటి మీద నల్ల మచ్చ భగ్గుమన్నాయి. పండు రసం తాగే మాత్ ఇది. మామూలు మాత్‌ల తొండం మెత్తగా ఉంటే దీనిది గట్టిగా, అంచులకు పళ్లతో ఉండి కాయ తోలునే పొడిచేస్తుంది. పొడిచిన చోట చిన్న చుక్కే కనిపిస్తుంది, తర్వాత లోపల కుళ్లు మొదలవుతుంది. బత్తాయి, దానిమ్మ రైతులకు ఈ బాధ మరీ ఎక్కువ.

పొద్దున లేచాక నాకు అసలు చూపు దొరికింది. రాత్రి పంచె మీద కొట్టొచ్చినట్టు కనిపించిన బూడిదరంగు మాత్‌లు మామిడి బెరడు మీద ఉంటే, చెట్టు చుట్టూ తిరిగినా కంటికి ఆనలేదు. ఒకటి మా కళ్లముందే వాలింది. వాలాక కాసేపు కాళ్లతో అటూ ఇటూ జరిగి, ఒళ్లు పక్కకు తిప్పుకుని, రెక్కల మీది గీతలు బెరడు పగుళ్లలో కలిసిపోయాక ఆగింది. తెల్ల గుడ్డ మీద ఆ గీతలు ఉత్త ముగ్గు. అవి దేనికున్నాయో చెట్టు మీద చూస్తేనే తెలుస్తుంది, అందుకే మాత్‌లు చూడాలనుకునేవాళ్లు లైటు పెట్టి ఫోటోలు తీసుకుని వచ్చేయకుండా తెల్లవారి గంటసేపు బెరడులు వెతకండి. రేగు కొమ్మకు గట్టి కాడతో వేలాడుతున్న దసలి (టస్సర్) పట్టుగూడు కూడా అలా వెతుకుతుంటేనే దొరికింది, కోడిగుడ్డంత ఉంది, కాడ వైపు బొక్క పడి ఖాళీగా ఉంది. లోపలి మాత్ నోటి నుంచి వచ్చే ద్రవంతో పట్టును మెత్తబరిచి అటుగానే బయటికి వస్తుంది.

కంచె మీద తిప్పతీగ అల్లుకుని ఉంది. అక్కడే రాత్రి చూసిన పండు మాత్ పిల్ల, తల కిందికి వంచి, పక్కల పెద్ద కళ్లలాంటి మచ్చలు చూపిస్తూ కూర్చుంది. దాని తిండి తిప్పతీగ, దూసరతీగ లాంటివే, మామిడి ఆకు ముట్టదు. అంటే పిల్లలు పెరిగేదంతా కంచె మీదా అడవి పొదల్లోనూ, పెద్దవయ్యాకే రాత్రిళ్లు తోట మీదికి వస్తాయి, కాబట్టి మామిడి చెట్లకు మందు కొట్టినంత మాత్రాన ఇవి తగ్గవు. మామకు ఇది చెబితే కాసేపు ఆలోచించి, "తిప్పతీగ ఉండనీ, కషాయానికి పనికొస్తాది. ఇది పీకేస్తే మాత్రం అడివిలో ఉండేది పీకగలమా?" అన్నాడు. రాలిన కాయలు ఏ రోజువి ఆ రోజు సాయంత్రమే ఏరి గుంతలో పూడ్చేయాలనీ, వచ్చే ఏడు ఇంటికోసం ఉంచుకునే బేనీషా కాయలకు కాగితం సంచులు తొడగాలనీ అనుకున్నాం. మేం బయల్దేరేసరికి పనివాళ్లు గంపలతో చెట్ల కింద కాయలు ఏరడం మొదలుపెట్టేశారు.