నలభై నిమిషాల బతుకమ్మ పాటల్లో పోయిన 2048 శాంపిళ్లు

దొరికింది!! నాయనమ్మ బతుకమ్మ పాటల్ని రెండు మైకులతో తీస్తే ఆ రెండు రికార్డింగులు ఒకదానితో ఒకటి కలవట్లేదు, మూడు వారాల నుంచి సతాయిస్తున్న ఆ తేడా ఎక్కడ మొదలైందో నిన్న రాత్రి ఒంటిగంటకి దొరికింది, కరెక్ట్‌గా 23 నిమిషాల 14 సెకన్ల దగ్గర. అందుకే ఈసారి అంతా దీని గురించే.

మిగతాది ఒక్క ముక్కలో చెప్పేస్తా, నాయనమ్మ గొంతు చాలా బాగా వచ్చింది, ష్యూర్ ఎస్‌ఎమ్58 జానెడు దూరంలో పెడితే ఇంకేం అక్కర్లేదు.

సెటప్ పోయినసారిదే. నాయనమ్మ ముందు మైకు ఇంటర్‌ఫేస్ (మైకు శబ్దాన్ని కంప్యూటర్‌కి పంపే డబ్బా) నుంచి ల్యాప్‌టాప్‌లోకి, వంత పాడేవాళ్ల దగ్గర జూమ్ హెచ్1ఎన్ అనే చిన్న రికార్డర్ విడిగా, రెండూ 48 కిలోహెర్ట్జ్ 24 బిట్, అంటే శబ్దాన్ని సెకనుకి 48000 సార్లు కొలుస్తాయి, ఒక్కో కొలత ఒక శాంపిల్. (96లో ఎందుకు తీయలేదని ఇంకా అడుగుతున్నారు, 48లోనే అందులో సగం, 24 కిలోహెర్ట్జ్ దాకా శబ్దం వస్తుంది, మనిషి చెవికి 20 దాటి వినపడదు, ఫైలు డబుల్ అవడం తప్ప పాటకి ఒరిగేదేం లేదు.)

మొదటి చప్పట్ల దగ్గర రెండు ట్రాకులు కలిపి పెడితే స్టార్టింగ్ బ్రహ్మాండంగా ఉంది, చివరికొచ్చేసరికి ప్రతి "ఉయ్యాలో" రెండేసి సార్లు వినపడుతోంది. రెండు డబ్బాల్లో శాంపిళ్లని లెక్కపెట్టే రెండు వేరే క్లాకులు, ఒకదాని 48000 ఇంకోదాని 48000తో అచ్చంగా కలవదు, ఇది ఊహించిందే. చివరి చప్పట్ల దగ్గర కొలిస్తే ల్యాప్‌టాప్ ఫైలు 6648 శాంపిళ్లు ముందుంది, అంటే 138 మిల్లీసెకన్లు. నలభై నిమిషాలకి 11 కోట్ల 52 లక్షల శాంపిళ్లు కాబట్టి పది లక్షలకి దాదాపు 58 తేడా. సరే అని ల్యాప్‌టాప్ ఫైలుని అంతే సాగదీశా.

మొదలు కలిసింది, చివర కలిసింది, మధ్యలో మాత్రం ఘోరం! ఇరవయ్యో నిమిషంలో 21 మిల్లీసెకన్ల తేడా, గాలిలో శబ్దం అంతసేపట్లో ఏడు మీటర్లు పోతుంది, అంటే నాయనమ్మ పక్కగదిలో ఇంకోసారి పాడుతున్నట్టు ఉంది. ఎండాకాలం కదా, ల్యాప్‌టాప్ వేడెక్కి క్లాక్ మారిందేమో అని రెండు వారాలు ఆ అనుమానంతోనే ఉన్నా. టెంపో స్ట్రెచ్ (పిచ్, అంటే శ్రుతి, మారకుండా నిడివి సాగదీయడం) కూడా ట్రై చేశా, అది అస్సలు వాడొద్దు, పిచ్ కాపాడతానని గొంతుని చిన్న చిన్న ముక్కలు చేసి అతికిస్తుంది, నీళ్లలో పాడినట్టు అయిపోతుంది.

చివరికి ఒరిజినల్ ఫైళ్లు మళ్లీ తెరిచి ప్రతి పది నిమిషాలకి కొలిచా. చిన్నమ్మ చప్పట్లు కొడుతుంటే గాజులు గలగలమంటాయి, ఆ గాజు చప్పుడు ఆడాసిటీలో (ఆడియో ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్) పెద్దది చేసి చూస్తే సూదిలా నిలబడి కనిపిస్తుంది, తను కూర్చున్న చోటు నుంచి కదల్లేదు కాబట్టి రెండు మైకులకి దూరం కూడా మారలేదు. పదో నిమిషంలో తేడా 1150 శాంపిళ్లు, ఇరవైలో 2302, ముప్పైలో 5499, నలభైలో 6648. ఒక్క ఇరవై-ముప్పై మధ్యలోనే 3197 పెరిగింది, అందులోంచి మామూలు 1150 తీసేస్తే 2047. ఒక్క శాంపిల్ అటూ ఇటూ, 2048! నా బఫర్, అంటే ల్యాప్‌టాప్ ఒక్కసారికి తీసుకునే శాంపిళ్ల మూట, 1024. వేడి వల్ల అయితే మెల్లమెల్లగా మారాలి గానీ ఇలా బఫర్ల లెక్కన తెగదు కదా, అంటే రెండు బఫర్లు ఎక్కడో ఎగిరిపోయాయి.

ఇంక ఇరవై ఐదు, ఇరవై రెండున్నర, ఇలా సగం సగం చేసుకుంటూ పోతే 23:14కి వచ్చా. నాయనమ్మ "ఉయ్యా" అని లాగే చోట దాదాపు 43 మిల్లీసెకన్లు లేవు, చెవికి తెలియట్లేదు, స్పెక్ట్రోగ్రామ్‌లో (ఏ టైంలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపించే బొమ్మ) నిలువుగా సన్నటి గీత. దాని పక్కనే ఇంకోటి కనిపించింది, కరెంట్ హమ్ వల్ల అడుగున ఉన్న 50 హెర్ట్జ్ గీత అక్కడే టక్కున ఆగిపోయింది, తర్వాత ఫ్యాన్ హోరు మెల్లగా సన్నబడుతూ పోయింది. కరెంట్ పోయింది ఆ టైంలో! అప్పుడు నాయనమ్మ ఆపకుండా పాడుతూనే ఉంది, నేను కూడా పట్టించుకోలేదు.

చార్జర్ పోగానే ల్యాప్‌టాప్ బ్యాటరీ మోడ్‌లోకి పడి ఒక్క క్షణం తడబడినట్టుంది. ఫోన్ నుంచి 1000 హెర్ట్జ్ టోన్ పంపిస్తూ ప్లగ్ పదిసార్లు పీకి చూశా, మూడుసార్లు తెగింది. బ్యాటరీ మీద కూడా ఫుల్ పవర్ పెట్టి, యూఎస్‌బీ నిద్రపోయే ఆప్షన్ తీసేసి మళ్లీ పదిసార్లు పీకితే ఒక్కసారి కూడా తెగలేదు. పది టెస్టులు తక్కువే, ఇంకా చేస్తా.

రిపేర్ ఇలా చేశా: తెగిన చోట ఫైలు విడగొట్టి రెండో సగం 2048 శాంపిళ్లు ఆలస్యంగా మొదలయ్యేలా జరిపి, ఆ సందులో జూమ్ రికార్డర్ ట్రాక్ ముక్క క్రాస్‌ఫేడ్‌తో (ఒకటి తగ్గుతుంటే ఇంకోటి పెరిగేలా) పెట్టి, తర్వాత సాక్స్ అనే ఆడియో ప్రోగ్రామ్‌లో స్పీడ్ 0.99996. పిచ్ మారుతుంది గానీ ఎవరి చెవికీ అందనంత. ఇప్పుడు ఎక్కడ కొలిచినా 35 శాంపిళ్లు దాటట్లేదు, మిల్లీసెకన్ కూడా లేదు.

పూర్తి పాటలు నాయనమ్మకి వినిపిస్తే "గిదేంది బిడ్డా, ఆ పాటల రెండు చరణాలు మర్చిపోయిన" అంది. మళ్లీ తీయాలి! దసరా లోపు నాలుగు మైకులు పట్టే ఒకే డబ్బా కొందామని చూస్తున్నా, అన్నిటికీ ఒకటే క్లాక్ ఉంటే ఈ గొడవే ఉండదు. అది వచ్చేదాకా ఆగను, ఈ ఆదివారమే ఆ చరణాలు, చార్జర్ ముందే పీకేసి, ఫ్యాన్ ఆపేసి పొద్దున ఆరింటికి.