కూర్చుంటే కూలి ఎవరిస్తారు సార్?

మూడేళ్ల కిందట మా కంపెనీలో ఒకే రోజు నలభై ఒక్క మందికి లెటర్లు ఇచ్చాం. ఇచ్చింది నేనే. రేణిగుంట దగ్గర ఒక ఎలక్ట్రానిక్స్ యూనిట్‌లో హెచ్ఆర్‌లో చేస్తాను. పెద్ద కస్టమర్ ఆర్డరు ఆపేశాడు, ఒక లైన్ మూసేయాల్సి వచ్చింది. ఆ లైన్‌లో ఎక్కువమంది ఆడపిల్లలే, పుత్తూరు నుంచి, శ్రీకాళహస్తి నుంచి, ఏర్పేడు చుట్టుపక్కల పల్లెల నుంచి షిఫ్ట్ బస్సులో వచ్చేవాళ్లు. నోటీసు జీతం ఇచ్చాం, చట్టప్రకారం రావాల్సిన పరిహారం ఇచ్చాం, అది చాలదనిపించి మంచి మనసుతోనే ప్రతి ఒక్కరికీ ఆన్‌లైన్ కోర్సుల లాగిన్ కూడా ఇచ్చాం, ఏడాదిపాటు ఏ కోర్సు కావాలన్నా చేసుకోండి, ఫీజు మాది అని.

ఏడాది అయ్యాక ఆ లెక్క తీసి చూశాను. కోర్సు పూర్తి చేసినవాళ్లు ఒక్కరూ లేరు.

వాళ్లకు శ్రద్ధ లేదేమో అని అప్పట్లో అనుకున్నాను, ఆ మాట ఆఫీసులో అన్నాను కూడా. తర్వాత ఒకరోజు తిరుపతి గాంధీ రోడ్డులో ఒక బట్టల షాపులో వాళ్లలో ఒకమ్మాయి కనిపించింది, చీరలు మడతపెడుతూ. లాగిన్ సంగతి అడిగాను. "కోర్సు బాగుంది సార్, రెండు రోజులు చూసినా. నేర్చుకోవాలంటే కూర్చోవాల గదా, కూర్చుంటే కూలి ఎవరిస్తారు సార్?" అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ అమ్మాయి మా దగ్గర నాలుగేళ్లు ఎస్ఎంటీ లైన్‌లో, అంటే సర్క్యూట్ బోర్డుల మీద చిన్న చిన్న పార్టులు మెషిన్‌తో అతికించే లైన్‌లో, చేసింది. మెషిన్ ఫీడర్లకు పార్టుల రీళ్లు ఎక్కించడం, టంకం కరిగించే రీఫ్లో ఓవెన్‌లో ఉష్ణోగ్రత తేడా వస్తే పట్టుకోవడం, కెమెరా మెషిన్ తప్పని చూపించిన బోర్డులో నిజంగా తప్పుందో లేదో కంటితో చూసి చెప్పడం, ఇవన్నీ వచ్చు. మేమిచ్చిన సర్వీస్ సర్టిఫికెట్‌లో ఉన్నది "ఆపరేటర్" అన్న ఒక్క మాట. శ్రీసిటీ పారిశ్రామికవాడలో ఇంకో కంపెనీ గేటు దగ్గర ఆ కాగితం చూపిస్తే కొత్తగా చేరే మనిషి జీతమే ఇస్తామన్నారట. దానికన్నా ఇంటికి దగ్గర్లో షాపు మేలనుకుంది. తప్పేముంది?

అందుకే యజమానులకు, నాలాంటి హెచ్ఆర్ వాళ్లకు చెప్పాలనుకుంటున్నది ఒక్కటే. మనిషిని పంపేశాక కోర్సు ఇస్తే అది అందదు. జీతం నడుస్తున్నప్పుడే, మా గేటు లోపల ఉన్నప్పుడే, పనివేళల్లోనే నేర్పించాలి. కోర్సు ఫీజు చిన్న ఖర్చు, అసలు ఖర్చు నేర్చుకునే రోజుల్లో ఇల్లు గడవడం.

చట్టం కూడా ఇప్పుడు కొంచెం ఈ దారిలోకి వచ్చింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ అనే కార్మిక చట్టంలో రీస్కిల్లింగ్ ఫండ్ అని, కొత్త పని నేర్చుకునేందుకు, ఒకటి పెట్టారు. రిట్రెంచ్ చేసిన, అంటే పని లేదని తీసేసిన, ప్రతి కార్మికుడి పేరున యజమాని 15 రోజుల జీతం ఆ ఫండ్‌కు కట్టాలి, అది 45 రోజుల్లో కార్మికుడి ఖాతాలో పడాలి. మంచిదే, కాదనను. కానీ నెలకు 15 వేలు తీసుకునే మనిషికి అది ఏడెనిమిది వేలు, ఉద్యోగం పోయిన నెలలో ఆ డబ్బు అద్దెకో చీటీ బాకీకో పోతుంది తప్ప చదువుకు పోదు, ఎవరి ఇంట్లోనైనా అంతే. పైగా ఫిక్స్‌డ్ టర్మ్ మీద, అంటే ఇంత కాలానికని ఒప్పందం రాసుకుని, తీసుకున్నవాళ్లను గడువు ముగిసిందని పంపేస్తే చట్టం లెక్కలో అది రిట్రెంచ్‌మెంటే కాదు. మా వైపు లైన్లలో అలా ఉన్నవాళ్లు తక్కువేం కాదు, వాళ్లకు ఆ పదిహేను రోజుల జీతం కూడా రాదు.

మన దేశంలో ఇది కొత్త సంగతీ కాదు. 1992లోనే కేంద్రం నేషనల్ రెన్యూవల్ ఫండ్ పెట్టింది, ఉద్యోగాలు పోయే ప్రభుత్వరంగ కార్మికులకు కొత్త పని నేర్పించడం దాని ఉద్దేశాల్లో ఒకటి. ఆ డబ్బులో ఎక్కువ భాగం వీఆర్ఎస్‌లకే, అంటే స్వచ్ఛందంగా రిటైరయ్యేవాళ్లకు ఇచ్చే సొమ్ముకే పోయింది, నేర్పించడం వెనకబడింది. చేతిలో డబ్బు పెట్టి పంపడం సులువు, మనిషి పక్కన నిలబడి దారి చూపించడం కష్టం, అందుకే ఎప్పుడూ మొదటిదే జరుగుతుంది.

కష్టమైనది చేసినవాళ్లూ ఉన్నారు. నోకియా 2011లో ఫోన్ల వ్యాపారం దెబ్బతిన్నప్పుడు 13 దేశాల్లో 18 వేల మందిని తగ్గించుకోవాల్సి వచ్చింది, అప్పుడు బ్రిడ్జ్ అని ఒక కార్యక్రమం పెట్టింది. కంపెనీలోనే ఇంకో పని, బయట ఉద్యోగం, సొంత వ్యాపారం, కొత్త చదువు, ఏదీ కాకపోతే తనకు తోచిన దారి, వీటిలో ఏది కావాలో మనిషినే ఎంచుకోమని దానికి తగ్గ సాయం చేశారు. అంతకుముందు 2008లో జర్మనీలోని బోహుమ్ ఫ్యాక్టరీ మూసినప్పుడు పెద్ద గొడవలయ్యాయి, ఆ దెబ్బ తర్వాతే ఈ మార్పు. స్వీడన్‌లో అయితే ఒక్క కంపెనీ మంచితనం మీద వదలలేదు. 1974 నుంచి అక్కడ యజమానుల సంఘాలూ ఉద్యోగుల యూనియన్లూ కలిసి నడిపే మండళ్లు ఉన్నాయి. కంపెనీలు బాగున్న రోజుల్లోనే జీతాల మొత్తంలో చిన్న వాటా వాటికి కడుతూ ఉంటాయి, ఉద్యోగం పోయినవాళ్లకు సలహాదారునీ శిక్షణనూ ఆ మండలే చూస్తుంది. నాకు నచ్చింది ఆ ముందుగా కట్టడమే, ఆర్డర్లు ఆగిపోయిన రోజు డబ్బు ఎక్కడి నుంచి తేవాలి అని వెతుక్కోనక్కర్లేదు.

మా నలభై ఒక్క మందికి సరిగ్గా చేసి ఉంటే ఎంతయ్యేదో తర్వాత కూర్చుని లెక్క వేశాను. లైన్ మూసేస్తారని మాకు మూడు నెలల ముందే తెలుసు. రెండు నెలలపాటు రోజూ సగం షిఫ్టు చదువుకు వదిలేసి జీతం పూర్తిగా ఇస్తే, నెలకు 15 వేల లెక్కన, ఆ సగం పూటల ఖర్చు ఒక్కొక్కరికి 15 వేలు, అందరికీ కలిపి 6 లక్షల 15 వేలు. ఇన్‌స్ట్రక్టర్లకు ఇంకో లక్ష వేసుకోండి. తిరుపతి చుట్టూ ఐటీఐలకూ పాలిటెక్నిక్‌లకూ కొదవలేదు, అక్కడి మాస్టార్లే వచ్చి ప్యానెల్ వైరింగో, సోలార్ ఇన్‌స్టలేషనో, క్వాలిటీ ఇన్‌స్పెక్షనో తెలుగులో చెప్తారు. ఆన్‌లైన్ కోర్సులో ఇంగ్లిష్ వీడియో చూసి భయపడిన పిల్లలే మాస్టారు ఎదురుగా నిలబడి చేయించితే చేస్తారు, లైన్ పని కూడా వాళ్లు అలాగే కదా నేర్చుకుంది.

ఇంకో చిన్న సంగతి, పెద్దగా ఎవరూ ఆలోచించరు. మా లైన్ల మీద డిగ్రీ, డిప్లొమా మధ్యలో ఆగిపోయినవాళ్లు చాలామంది, ఒకటో రెండో సబ్జెక్టులు మిగిలి ఉంటాయి. సప్లీ ఫీజు కట్టి, పరీక్ష రోజులకు జీతంతో సెలవిస్తే ఒక పట్టా చేతికొస్తుంది. దీనికి పెద్ద పాలసీ ఏం అక్కర్లేదు.

ఈఎస్ఐ, అదే కార్మికుల బీమా, సంగతి కూడా. 2018లో తెచ్చిన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద, షరతులకు సరిపోతే, పని పోయినవాళ్లకు సగటు రోజు సంపాదనలో సగం, గరిష్ఠంగా 90 రోజులకు ఇచ్చే సాయం మేం లెటర్లు ఇచ్చిన నాటికి ఉంది. ఆ రోజు నేను ఒక్కరికి కూడా దీని గురించి చెప్పలేదు. చెప్పి, ఫారం నింపించి, బ్యాంకు వివరాలు సరిచూసి పంపాల్సింది. అది నా పని, నేను చేయలేదు.

నేర్పిస్తే పక్క కంపెనీకి పోతారు కదా అని ఒక ఓనర్ నాతో అన్నారు. మనమే పంపేస్తున్నాం సార్, వాళ్లు పక్క కంపెనీకి పోవడమే కదా మనకు కావాల్సింది అన్నాను. ఉండేవాళ్లు కూడా ఇదంతా చూస్తూనే ఉంటారు. మా లెటర్ల తర్వాత రెండు నెలల్లో మిగతా లైన్లలో పని బాగా తెలిసిన ఆరుగురు వాళ్లంతట వాళ్లే మానేశారు, రేపు మాకూ ఇంతే కదా అని.

పోయిన ఏడాది ఇవన్నీ రాసి మేనేజ్‌మెంట్‌కు మూడు పేజీల నోట్ ఇచ్చాను. సర్టిఫికెట్ మాత్రం మార్చారు. ఇప్పుడు ఎవరు మానేసినా ఏ మెషిన్ మీద ఎన్ని నెలలు చేశారో, సొంతంగా సెట్ చేయగలరో లేదో, ఏ తనిఖీ చేయగలరో ఒక పేజీలో రాసి సూపర్‌వైజర్ సంతకంతో ఇస్తున్నాం. సగం షిఫ్టు మాట ఒప్పుకున్నారు కానీ కాగితం మీదికి ఇంకా రాలేదు. స్వీడన్‌లోలా ముందుగానే నెలనెలా పక్కన పెట్టాల్సిన డబ్బు విషయం ఫైల్లోనే ఉంది, మళ్లీ అడుగుతాను. ఆ సర్టిఫికెట్ నమూనా తెలుగులోనూ చేశాను, మీ యూనిట్‌లో వాడుకోవాలంటే అడగండి, పంపిస్తాను.