దగ్గుమందు మూతతో మూడు మూతలు

వెల్డింగ్ చేసిన రోజు నాకు ముక్కు పనిచేయదు. రాడ్డు పొగ, గ్రైండింగ్ పొడి, పైన బల్లార్షా బొగ్గు దుమ్ము. రాత్రి అన్నంలో పోసుకున్న చారు వాసన కూడా తెలియదు. అందుకే నా గ్లాసు వారానికి ఒక్కసారే, వీక్లీ ఆఫ్ నాడు, ఎండ దిగాక. పది మిల్లీలీటర్ల దగ్గుమందు మూత ఒకటి దాచిపెట్టుకున్నా. దాంతో మూడు మూతలు రమ్మో విస్కీయో చాయ్ గ్లాసులో పోసి, కుండలో నీళ్లు ఒక మూత కలిపి, ఐదు నిమిషాలు దాన్ని ముట్టుకోను.

మాది మంచిర్యాల. 2013లో కాంట్రాక్టు పని మీద మహారాష్ట్రలోని చంద్రాపూర్ జిల్లాకు వచ్చా. సైటులో మరాఠీ, హిందీ, గదిలో తెలుగు. వచ్చిన కొత్తలో అందరిలాగే షిఫ్టు దిగి క్వార్టర్ సీసా కొనడం, నీళ్లు పోసుకుని రెండు గుక్కల్లో గ్లాసు దించడం, పడుకోవడం. ఒంటినొప్పులు తెలియకుండా ఉంటే చాలనుకునేవాళ్లం. రుచి సంగతి ఎవరికి పట్టింది?

2015 ఏప్రిల్ 1న జిల్లా అంతా మద్యం బంద్ అయింది. పక్కన వార్ధాలో డెబ్బైల నుంచి, గడ్చిరోలిలో 1993 నుంచి బందే. ఇక్కడా ఆడవాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడి సాధించుకున్నారు. జీతం అందిన రాత్రి మా గల్లీలో ఏం జరిగేదో చూసినవాణ్ని కాబట్టి వాళ్ల కోపం నాకు తెలుసు. ఆ తర్వాత ఇంటికి పోయినప్పుడే నాకు గ్లాసు, అంటే నెలకొకటి. నెలకొకటే అయ్యేసరికి తొందర దానంతటదే పోయింది. ఒకసారి మా వాకిట్లో వేపచెట్టు కింద ఓల్డ్ మంక్ రమ్ము పోసుకుని, ఫోనొస్తే మాట్లాడుతూ గ్లాసును అట్లే చేతిలో పట్టుకుని కూర్చున్నా. కాసేపటికి బెల్లం పాకం వాసన తగిలింది. అరిసెలకు పాకం ముదిరినప్పుడు ఇల్లంతా కమ్ముకునే వాసన. వెనక సన్నగా మాడిన కాఫీ చేదు. ఇన్నేళ్లు దీన్ని థమ్సప్‌లో ముంచి తాగానా అని మనసు చివుక్కుమంది.

చవక సీసాల్లో నా మొదటి ఓటు ఇప్పటికీ దానికే. 1954లో మొదలైన రమ్ము, ఓక్ పీపాల్లో ఏడేళ్లు మాగబెడతారని పేరు. మన దగ్గర చవక విస్కీ అనేది చాలావరకు చెరుకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్‌లో కొంచెం మాల్ట్, అంటే మొలకెత్తిన బార్లీతో చేసిన విస్కీ, కలిపినది. యూరప్‌లో అయితే దాన్ని విస్కీ అననివ్వరు. స్కాచ్, అంటే స్కాట్లాండ్ విస్కీ, అనాలంటే ఓక్ పీపాలో కనీసం మూడేళ్లు ఉండాలి. ఈ సీసాల్లో కనిపించే బంగారు రంగుకు కారమెల్ కలిపామని లేబుల్ మీదే రాసి ఉంటుంది. లేబుల్ మీద ఆల్కహాల్ 42.8 శాతం అని కూడా చూసే ఉంటారు. అది పాత బ్రిటిష్ లెక్క. అప్పట్లో 57.1 శాతాన్ని నూరు ప్రూఫ్ అనేవారు, అందులో నూటికి డెబ్బై అయిదు వంతులు మనకొచ్చింది.

అదే వరసలో రాయల్ స్టాగ్ నాకు నచ్చుతుంది. స్కాచ్ మాల్ట్‌ను మన ధాన్యపు స్పిరిట్‌తో కలుపుతారు. పోసిన వెంటనే వాసన చూస్తే ముక్కు మండుతుంది. ఆగితే వేయించిన గోధుమ, రందా పట్టిన కొత్త చెక్క. గొంతు దిగాక మాత్రం ఏమీ మిగలదు, అదే దాని లోటు. మాన్షన్ హౌస్ బ్రాందీ తీపి. పాయసంలోకి నేతిలో వేగుతున్న కిస్‌మిస్ గుర్తొస్తుంది, కానీ రెండో గ్లాసుకు మొహం మొత్తుతుంది. ఇప్పసారాకు పీపా లేదు, వయసు లేదు, అంతా పువ్వే. అది వేరే లోకం.

మా గదిలో పెద్దపల్లి అన్న ఒకాయన ఉండేవాడు, ఎలక్ట్రీషియన్. బంద్ ఉన్న కాలంలో ఒక రాత్రి బ్లాకులో క్వార్టర్ కొన్నాడు. మూత సరిగ్గా ఉంది, లేబుల్ సరిగ్గా ఉంది. మర్నాడు మధ్యాహ్నానికి "తమ్మీ, అంతా తెల్లగ మంచు వట్టినట్టు కనవడ్తంది" అన్నాడు. నాగ్‌పూర్ తీసుకుపోయాం. ప్రాణం దక్కింది గానీ చూపు సగమే తిరిగొచ్చింది. అందులో మిథైల్ ఆల్కహాల్ కలిసిందన్నారు. అది నాలుకకు దొరకదు, ముక్కుకూ దొరకదు. పీపా వయసు చెప్పగల నాలుక విషాన్ని చెప్పలేదు. అప్పటి నుంచి లైసెన్సు లేని చోట కొన్నది, నేను వాసన కూడా చూడను.

2021లో దుకాణాలు మళ్లీ తెరిచారు. మహారాష్ట్రలో మందుకు పర్మిట్ ఉండాలి, విస్కీ అయితే 25 ఏళ్లు నిండాలి. నేను పర్మిట్ తీసుకున్నా. అయినా ఆ మూడు మూతలు నాలుగు కాలేదు.

ఖరీదైనది ఒక్కసారే రుచి చూశా. మా చెల్లె పెళ్లికి బెంగళూరు నుంచి బావ అమృత్ ఫ్యూజన్ విస్కీ తెచ్చాడు. ఆల్కహాల్ 50 శాతం, మన బార్లీ, పొగ పట్టించిన స్కాట్లాండ్ బార్లీ కలిపి చేసినది. ఆ పొగ పీట్‌ది. పీట్ అంటే బురదనేలలో సగం కుళ్లిన మొక్కల మట్టి, ఇంకా బొగ్గు కానిది. రోజూ బొగ్గు మధ్య బతికేవాణ్ని, ఆ మాట విన్నాక గ్లాసును ఎంతసేపు చూస్తూ కూర్చున్నానో. చలికాలం గట్టు మీద మక్కకంకులు కాల్చిన పొగ, ఆ వెంటే కమలాపండు తొక్క. స్కాట్లాండ్‌లో పీపా నుంచి ఏటా రెండు శాతం ఆవిరైపోతే, బెంగళూరులో పది పన్నెండు శాతం పోతుందట. ఎండ ఎక్కువైన చోట మందు తొందరగా ముదురుతుంది. మే నెలలో ఒక్కోసారి 47 డిగ్రీలు దాటే ఈ చంద్రాపూర్‌లో పీపా పెడితే ఏం మిగిలేదో!

ఆ సీసాలో అడుగున మిగిలింది చిన్న సీసాలో పోసి బావ నా చేతిలో పెట్టాడు. పెద్దపల్లి అన్న ఇప్పుడు తాగడు, ఊళ్లోనే ఉంటున్నాడు. తిరిగొచ్చే దారిలో దిగి ఆయన ముందు మూత తీశా. గ్లాసు అడగలేదు. సీసా ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు కళ్లు మూసుకున్నాడు.

"తమ్మీ, ఇండ్ల పొయ్యి ఉన్నది" అన్నాడు. "పొయ్యి ఆరినంక, బూడిదల ఎవలో కమలతొక్క ఏసిన్రు."