హాలోవీన్‌కి మా ఇంటి భేతాళుడు

అమెరికాలో అక్టోబర్ వచ్చిందంటే పిల్లలకి హాలోవీన్ తప్ప ఇంకో ధ్యాస ఉండదు. ఇళ్ళ ముందు దెయ్యాల బొమ్మలు పెట్టి, పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ చాక్లెట్లకి వెళ్ళే పండగ అది. మా వాళ్ళు ఈసారి ఇంటి ముందు పెట్టడానికి ఒక శవం కావాలని, అదీ మనమే చెయ్యాలని పట్టుబట్టారు. సరే అన్నాను. చేతులు పనిలో ఉన్నంతసేపు టాబ్లెట్ గుర్తుకు రాదు, కబుర్లన్నీ తెలుగులోనే నడుస్తాయి, నాకు అంతకంటే ఏం కావాలి.

షాపులో దొరికే ప్లాస్టిక్ అస్థిపంజరం కొత్త బకెట్‌లా మెరుస్తూ ఉంటుంది. దాన్ని ఎండిన శవంలా చెయ్యడానికి చాలామంది పల్చటి ప్లాస్టిక్ షీటు చుట్టి, వేడిగాలి కొట్టే హీట్ గన్‌తో కరిగించి, పైన చెక్కసామానుకి వేసే వుడ్ స్టెయిన్ రంగు పూస్తారు. బాగా వస్తుంది గానీ పిల్లల పక్కన ఆ పొగ, ఆ వేడి వద్దనిపించింది. పైగా ఆయిల్ స్టెయిన్ తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది. అందుకే టిష్యూ పేపరు, తెల్ల జిగురుతో కానిచ్చాం. జిగురులో అంతే నీళ్ళు కలిపి, టిష్యూని చేత్తో చింపి ఎముకల మీద ముడతలు పడేలా అతికిస్తే, ఆరాక ఆ ముడతలే చర్మం అవుతాయి.

అసలు సంగతంతా రంగుల్లోనే ఉంది. మా వాడు నేరుగా ఎర్రరంగు సీసా తీశాడు. ఎండిన రక్తం ఎర్రగా ఉండదు నాన్నా, గోధుమరంగుకి తిరుగుతుంది అంటే నమ్మలేదు, వాడి మోకాలి మీద దెబ్బకి కట్టిన పక్కు చూపించాక ఒప్పుకున్నాడు. ముదురు కాఫీరంగు అక్రిలిక్‌ని నీళ్ళతో పల్చగా చేసి ఒళ్ళంతా పూసి, ఆరకముందే తడిగుడ్డతో తుడిస్తే గుంటల్లో, ముడతల్లో మాత్రం ముదురు నిలబడుతుంది. ఆరాక స్పాంజితో పసుపుమట్టి రంగు అద్దాలి. చివర్లో బ్రష్‌కి ఐవరీ రంగు అంటించి, దాదాపు పొడిబారేదాకా పేపరు మీద తుడిచేసి, నుదురు, బుగ్గ ఎముకలు, వేళ్ళ కణుపులు, అలా పైకి తేలిన చోట్ల తగిలీ తగలనట్టు రుద్దాలి. మా అమ్మాయి ఎంత ఓపిగ్గా చేసిందో! పళ్ళకి కూడా చిగుళ్ళ దగ్గర ముదురుగా, కొసల్లో లేతగా గార పట్టించింది.

వీడియో కాల్లో అత్తయ్యగారు చూసి, "దీపం పెట్టే గుమ్మం ముందు శవమేంటమ్మా?" అన్నారు. ఆవిడ మాటా నిజమే. 2024లో అయితే దీపావళి, హాలోవీన్ రెండూ అక్టోబర్ 31నే వచ్చాయి. గుమ్మంలో ముగ్గు, దీపాలు, శవం మాత్రం దూరంగా లాన్‌లో చెట్టు దగ్గర అని తేల్చాం. హరిశ్చంద్ర కాటిసీను పద్యాలకి వన్స్‌మోర్ కొట్టిన జనం మనం, మనకి శ్మశానం మరీ అంత కొత్తేం కాదు.

చెట్టు అనగానే మా వాడికి విక్రమార్కుడు గుర్తొచ్చాడు. "అమ్మా, భేతాళుడిలా కొమ్మకి తాడుతో వేలాడదీద్దాం!"

అక్కడ మాత్రం వద్దన్నాను. ఈ దేశంలో గుంపులు నల్లజాతి వాళ్ళని పట్టుకుని చంపాయి, ఎందరినో చెట్లకి ఉరేశాయి. అలబామాలోని టస్కీగీ విద్యాసంస్థ లెక్కల్లో 1882 నుంచి 1968 దాకా లించింగ్‌కి, అంటే ఇలాంటి మూకహత్యలకి, బలైన నల్లజాతి వాళ్ళే 3,446 మంది. మా వీధిలోనూ నల్లజాతి కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళ పిల్లలు ఆ సాయంత్రం చాక్లెట్ల కోసం ఆ చెట్టు పక్కనుంచే మా ఇంటికి రావాలి. వయసుకి తగ్గట్టు ఇద్దరికీ చెప్పాను. అమ్మాయి కొంత స్కూల్లో విందట, మిగతాది తనే తమ్ముడికి చెప్పింది. మన ఇళ్ళలో వీసా గురించి, ఇళ్ళ ధరల గురించి మాట్లాడుకున్నంత ఈ దేశపు చరిత్ర గురించి మాట్లాడుకోం. పిల్లలు ఇక్కడే పెరుగుతున్నారు కదా, మాట్లాడాలి.

కథలో చెట్టు దిగాక భేతాళుడు ఎక్కేది రాజు భుజమే కదా అని అమ్మాయే దారి చూపించింది. శవం తేలికే, మా వాడు మొయ్యగలడు. ఇప్పుడు అట్ట కిరీటం, అట్ట కత్తి తయారవుతున్నాయి. వాన పడితే జిగురు మెత్తబడకుండా శవానికి క్లియర్ వార్నిష్ కొట్టాను. ఇంటింటికీ వెళ్ళినప్పుడు ఈ భుజం మీదది ఎవరని అడిగితే చెప్పడానికి వాళ్ళక్క వాడికి ఇంగ్లీషులో కథ నేర్పిస్తోంది, ఇంకా చివరి ప్రశ్న దగ్గర తడబడుతున్నాడు.