అట్టముక్కల టేబుల్

సెమిస్టర్ ప్రాజెక్టుకు చెక్క టేబుల్ చేయాలి. ఆరు బొమ్మలు గీసుకుని మిర్యాలగూడ వచ్చి, మా వీధి వడ్రంగి తాతకు చూపించా. అన్నీ పక్కన పెట్టి, "పైపలకను ఇట్ల గట్టిగ బిగిస్తే వానాకాలం ఉబ్బి ఎటు పోతది బిడ్డా?" అన్నాడు.

నిజమే. చెక్క పొడవులో పెద్దగా మారదు, అడ్డంగానే ఉబ్బుతుంది. అందుకే స్క్రూ రంధ్రాలు కోలగా పెట్టి కాస్త జరిగే సందివ్వాలి. క్లాసులో విన్నదే, గీసేటప్పుడు మర్చిపోయా.

ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె కోసి, 75 సెంటీమీటర్ల ఎత్తున అసలు సైజు నమూనా నిలబెట్టా. అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. మోకాళ్లు టేబుల్ కింది పట్టీకి తగిలాయి. కాగితం మీద ఎంత సోకుగా ఉండెనో! పట్టీ వెడల్పు 2 అంగుళాలు తగ్గించా.

వేపా, టేకా ఇంకా తేలలేదు. టేకు ధర వింటేనే టెన్షన్. తాత దగ్గర పాత తలుపొకటి ఉంది, రేపు చిత్రిక పట్టి చూద్దామన్నాడు.