చిన్న షెపర్డ్ పిల్ల కోసం నేను పడ్డ పాట్లు

పోయిన శనివారం చిట్టి మా ఇంటికి వచ్చింది. మినియేచర్ అమెరికన్ షెపర్డ్ జాతి కుక్కపిల్ల. ఇంకా కోపం చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

డల్లాస్ పక్కన ప్లేనోలో మూడో అంతస్తు మాది, లిఫ్ట్ లేదు. ఇంతకుముందు ఉన్న భీముడు 35 కిలోల షెల్టర్ కుక్క, ఏ జాతో చెప్పలేం. చివరి రోజుల్లో నడుము పడిపోయి మెట్లు దిగలేకపోతే, నేనూ మా ఆయనా దుప్పట్లో పడుకోబెట్టి చెరో కొసా పట్టుకుని దింపేవాళ్లం. అందుకే ఈసారి నేనొక్కదాన్నే ఎత్తుకోగలిగే కుక్క కావాలనుకున్నాను. అలాగని ఒళ్లో కూర్చునే కుక్క వద్దు. ఒబీడియన్స్ (చెప్పిన మాట విని చేసే) పోటీలు, ట్రాకింగ్ (వాసన పట్టి జాడ తీయడం), వీలైతే గొర్రెల దగ్గర పని, ఇవన్నీ చేయాలి.

జాతి తేల్చుకోవడం పెద్ద కష్టం కాలేదు. షెల్టీ (షెట్లాండ్ షీప్‌డాగ్) ఈ పోటీల్లో ఎప్పటినుంచో గట్టి కుక్కే, కానీ అరుపెక్కువ, మా గోడకి అవతల పసిపిల్ల ఉంది. కోర్గీకి వెన్ను పొడుగు, కాళ్లు పొట్టి, ఏళ్ల తరబడి దూకించడానికి నాకు మనసొప్పలేదు. హంగరీ వాళ్ల మూడీ నాకు చాలా నచ్చింది గానీ అమెరికన్ కెన్నెల్ క్లబ్ (ఏకేసీ) దానికి పూర్తి గుర్తింపు ఇచ్చిందే 2022లో, పిల్లలు దొరకడం గగనం. మినియేచర్ అమెరికన్ షెపర్డ్ 2015లో ఏకేసీ హెర్డింగ్ (మందలు కాసే కుక్కల) గ్రూపులోకి వచ్చింది, ఎత్తు 13 నుంచి 18 అంగుళాలు. ఏకేసీ ఒబీడియన్స్‌లో దూకే ఎత్తు కుక్క ఎత్తును బట్టే పెడతారు, కాబట్టి పొట్టి కుక్కకి అన్యాయం జరగదు. జాడ తీయడం, మాట వినడం, కాపలా మూడూ కలిసిన ఐజీపీ పోటీలో మాత్రం అడ్డుకర్ర ఎత్తు అందరికీ ఒకటే. ఆ ఆట వదిలేశాను.

అసలు నరకం కుక్కపిల్లల్ని పుట్టించి అమ్మే బ్రీడర్ దగ్గర మొదలైంది. పేరు రాయను. మా చుట్టుపక్కల పోటీల్లో ఆవిడ కుక్కలే ఎక్కువ కనిపిస్తాయి. పేజీలకు పేజీల దరఖాస్తు పెట్టింది: ఇంట్లో ఎవరెవరు ఉంటారు, పగలు కుక్కని ఎవరు చూస్తారు, పెరటికి కంచె ఉందా, పాత కుక్క ఎలా చచ్చిపోయింది. అన్నీ రాశాను. వీడియో కాల్‌లో ఇల్లు చూపించమంది, చూపించాను. భీముడి పడక ఇంకా తీయలేదు, అదీ చూపించాను. అప్పుడంది: "మీ దేశంలో కుక్కలు వీధుల్లోనే ఉంటాయి కదా, ఇది ఇంట్లో ఉండాల్సిన కుక్క అని మీకు తెలుసా?"

నాకు నోట మాట రాలేదు. మా ఆయన ఫోన్ పట్టుకున్న చెయ్యి వణికింది. తమాయించుకుని భీముడు ఒబీడియన్స్‌లో గెలిచిన సీడీ (కంపానియన్ డాగ్) టైటిల్ సంగతి చెప్పాను. ఆ టైటిల్ ఊరికే రాదు. 200 మార్కులకి 170 రావాలి, ప్రతి అంశంలోనూ సగానికి మించి రావాలి, అలా మూడు సార్లు నెగ్గాలి. భీముడికి ఒకసారి 194 వచ్చింది. "అది మిక్స్ కదా, దాన్ని లెక్కలోకి తీసుకోను. పోటీకి పనికొచ్చే పిల్లల్ని మీకివ్వను, కావాలంటే పెంపుడు పిల్లని తీసుకోండి" అంది. పిల్లల తల్లిదండ్రులకి ఎండీఆర్1 పరీక్ష (కొన్ని మందులు పడని జన్యులోపం ఉందేమో చూసేది) చేయించారా అని నేనడిగితే, "అవన్నీ నేను చూసుకుంటాను" అని కాల్ పెట్టేసింది.

ఈ ఒక్క విషయం గట్టిగా చెబుతాను. ఎండీఆర్1 ఫలితం కాగితం మీద చూపించని వాళ్ల దగ్గర, వాళ్ల గోడ నిండా రిబ్బన్లున్నా సరే, కొనకండి. ఆ జన్యులోపం ఉన్న కుక్కకి ఎక్కువ మోతాదు ఐవర్‌మెక్టిన్ (నులిపురుగుల మందు) ప్రాణం మీదకి తెస్తుంది. మనం విరేచనాలకి వేసుకునే లోపెరమైడ్ కూడా అంతే. కళ్లు, తుంటి పరీక్షలూ అడగండి. మెర్ల్ రంగు (మచ్చలు మచ్చలుగా ఉండేది) కుక్కని మెర్ల్‌తోనే కట్టించే వాళ్ల గుమ్మం తొక్కకండి, వాటికి చెవుడు, గుడ్డితనంతో పిల్లలు పుట్టే ప్రమాదం ఉంది.

తర్వాత ఓక్లహోమాలో ఒక పెద్దావిడ దొరికారు. దరఖాస్తు లేదు, ఏమీ లేదు. ఒక ట్రయల్‌కి (కుక్కల పోటీకి) రమ్మని, తన ఆడకుక్క పట్టీ నా చేతికిచ్చి "ఫిగర్ ఎయిట్ చేసి చూపించు" అన్నారు. ఇద్దరు మనుషులు ఎడంగా నిలబడితే వాళ్ల చుట్టూ ఎనిమిది అంకెలా తిరగాలి. కుక్క లోపలి వైపు ఉన్నప్పుడు అది నెమ్మదించాలి, బయటి వైపు ఉన్నప్పుడు వేగం పెంచాలి, మన నడక మాత్రం మారకూడదు. ఆవిడ కుక్కని చూడలేదు, నా పాదాలనే చూశారు. అయ్యాక డైరీ తీసి నా పేరు రాసుకున్నారు. "పిల్లలు ఆగస్టులో పుడతాయి. ఏ పిల్ల నీదో నేను చెబుతా" అన్నారు.

నా కన్ను బ్లూ మెర్ల్ పిల్ల మీద పడింది. ఆవిడ ఒప్పుకోలేదు. పిల్లల వెనకాల స్టీలు గిన్నె పడేస్తే మెర్ల్ పిల్ల మంచం కింద దూరింది. మూడు రంగుల నల్లపిల్ల ఉలిక్కిపడి, వెనక్కొచ్చి గిన్నెని వాసన చూసింది. కాగితం ఉండ విసిరితే తెచ్చి ఆవిడ అరచేతిలో పెట్టింది. అదే చిట్టి. దానికి ఎండీఆర్1 లోపం తల్లీతండ్రుల్లో ఒకరి నుంచే వచ్చిందని కాగితంతో సహా ఇచ్చారు. ఆ సంగతి మా డాక్టర్ ఫైలు మీద ఎర్ర సిరాతో రాయించాను.

ఆరు నెలలు నిండితే గానీ పోటీ రింగులోకి రానివ్వరు. ఈలోపు కుక్కపిల్లల క్లాసులో పేరిచ్చాను. మా దగ్గర జరిగే ట్రయల్స్‌కి ఆ మొదటి ఆవిడ కుక్కలూ వస్తాయి. రానివ్వండి, చిట్టీ వస్తుంది.