ఎవరి గట్టు మీద కోశావు?

జహీరాబాద్ బస్టాండులో దిగేసరికి పదకొండు దాటింది. లింగంపల్లిలో ఎక్కిన ఎక్స్‌ప్రెస్సులో సదాశివపేట దాకా నిలబడే వచ్చాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్ ఇస్తారు కాబట్టి అంత దూరానికీ పైసా ఖర్చు కాలేదు. కానీ జహీరాబాద్ నుంచి ఝరాసంగం వైపు పది కిలోమీటర్లు వెళ్లడానికి ఆటో అతను మూడు వందలు అడిగాడు. బతిమాలితే రెండు వందల యాభైకి ఒప్పుకున్నాడు, అదీ దారిలో ఇంకో ఇద్దరిని ఎక్కించుకుని. ఊరు చేరేదాకా ఆ కోపం తగ్గలేదు.

నేను వెళ్లింది కూరాకుల కోసం. ఎవరూ విత్తకుండా, నీళ్లు పెట్టకుండా చేలగట్ల మీద వానకు మొలిచే ఆకుకూరలు. తెనాలి దగ్గర మా అమ్మమ్మ వాటిని పేరుపేరునా ఎరుగును. వానాకాలంలో ఆమె ఒడిలో రోజుకో ఆకు ఉండేది. అమ్మమ్మ పోయాక ఆ పేర్లూ పోయాయి. అమ్మకు పొన్నగంటి, గంగపాయల మాత్రమే తెలుసు. నాకు ఆ రెండూ కూడా సరిగ్గా తెలియవు. కూకట్‌పల్లిలో పిడికెడు గంగపాయల కట్ట ఇరవై రూపాయలు పెట్టి కొంటున్నప్పుడల్లా ఏదో పోగొట్టుకున్నట్టు ఉండేది. అందుకే ఫోనులో మొక్కల్ని గుర్తుపట్టే యాప్‌లు వేసుకుని, మూడు నెలలుగా పార్కుల్లో, ఖాళీ స్థలాల్లో ఆకులకు ఫొటోలు తీస్తున్నాను.

జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లను ఎంచుకోవడానికి కారణం ఉంది. 1983 నుంచి పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ ఇక్కడి దళిత మహిళా రైతులతో కలిసి పనిచేస్తోంది. పాత విత్తనాలను, చిరుధాన్యాలను ఈ ఆడవాళ్లే కాపాడుకున్నారు. 2008లో మాచునూరులో మొదలైన సంఘం రేడియోను నడిపేదీ వాళ్లే. ఒకసారి చలికాలంలో వాళ్ల పాత పంటల జాతరకు వచ్చి, విత్తనాలతో అలంకరించిన ఎడ్లబండ్లు చూశాను. అక్కడ మాట్లాడిన ఒకామె, కూరలు చూడాలంటే వానల్లో రావాలి అంది. ఆ మాట మనసులో ఉండిపోయింది. నాతో పనిచేసే అమ్మాయి అత్తగారి ఊరు ఇటే కావడంతో, శ్రావణం చివర రెండు రోజులకు బయలుదేరాను.

వాళ్ల ఇంట్లో సంచి పెట్టి, మజ్జిగ తాగి, ఎండలోనే బయటికి వచ్చేశాను. వారం రోజులుగా వాన లేదట. అయినా పత్తి మోకాళ్లెత్తు పెరిగి ఉంది. గట్లన్నీ పచ్చగా ఉన్నాయి. సిగ్నల్ ఒక గీత వస్తోంది, పోతోంది. ఫొటో తీసి పంపితే గుండ్రంగా తిరుగుతూ కూర్చుంటుంది. నెట్ లేకుండా పనిచేసే సీక్ లాంటి యాప్‌లు ఇలాంటి చోట నయం.

బాట పక్కన నేలకు అతుక్కుని పాకిన రెండు మొక్కలు పక్కపక్కనే కనిపించాయి. రెండింటికీ ఎర్రటి కాడలే, చిన్న చిన్న ఆకులే. యాప్ రెండింటినీ పోర్చులాకా ఒలెరేసియా అనే చెప్పింది. అంటే గంగపాయల. ఇలాంటప్పుడు కాడ విరిచి చూడాలని చదివి ఉన్నాను. మొదటిది విరిస్తే పుటుక్కున తెగి నీరు ఊరింది. దాని ఆకు దళసరిగా, నొక్కితే మెత్తగా ఉంది. రెండోది విరవగానే తెల్లగా పాలు కారాయి. అది నానబాలు జాతి మొక్క. ఆకు పలచన, కాడ సన్నన. పాలు కారేదాన్ని గంగపాయల అనుకుని పప్పులో వేస్తే కడుపు పాడవుతుంది. ఫొటోకు పాలు కనపడవు కదా, మొక్కను తాకి విరిచి చూసేవరకు నమ్మకూడదని ఆ క్షణాన గట్టిగా అనిపించింది.

అప్పటి నుంచి ప్రతి కాడా విరిచి చూసుకుంటూ నడిచాను. ఒక వేపచెట్టు దాటాక పత్తి చేను గట్టు మీద గంగపాయల దుబ్బులు దుబ్బులుగా ఉంది. పాలు లేవు. ఆకు కొనల మధ్య పసుపు మొగ్గలు. ఎండెక్కాక ఆ పువ్వు ముడుచుకుంటుంది కాబట్టి విచ్చిన పువ్వు దొరకలేదు. అయినా ఈసారి ఫోను 94 శాతం అంది, నా వేళ్లూ అవుననే చెప్పాయి. అరగంటలో సంచి నిండింది. అమ్మమ్మ ఉంటే ఎంత సంతోషించేదో అనుకుంటూ ఇల్లు చేరాను.

ఇంటి పెద్దమ్మ అరుగు మీద కూర్చుని పెసలు చెరుగుతోంది. సంచి ఆమె ముందు పెట్టాను. ఆకును ముట్టుకోలేదు, సంచిలోకి తొంగి కూడా చూడలేదు.

"ఎవరి గట్టు మీద కోశావు బిడ్డా?" అని అడిగింది.

వేపచెట్టు దాటాక పత్తి చేను అని చెప్పాను. చాట పక్కన పెట్టి లేచింది. సంచి తీసుకుని, పెరట్లో గొయ్యి తవ్వి, మొత్తం అందులో పోసి మన్ను కప్పింది. బర్రెలకు కూడా వేయలేదు. మొన్ననే ఆ చేనికి గడ్డిమందు కొట్టారని, గట్టు మీద కూడా కొట్టారని అప్పుడు చెప్పింది. నా చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగించింది. సాయంత్రం నన్ను అక్కడికి తీసుకెళ్లి చూపించింది. వేపచెట్టు మొదట్లో ఖాళీ డబ్బా పడి ఉంది. నేను దాని పక్క నుంచే నడిచి వెళ్లాను. నా కళ్లు ఆకుల మీదే ఉన్నాయి.

గడ్డిమందుల్లో చాలావాటికి వెంటనే ఆకు మాడదు. గ్లైఫోసేట్ లాంటిది కొడితే మొక్క నాలుగైదు రోజుల దాకా మామూలుగానే కనిపిస్తుంది, తర్వాతే చిగుళ్లు పసుపుబారతాయి. అంటే ఆ రోజు నేను కోసిన ఆకు చూపుకి నిగనిగలాడే కూరే. పేరు తప్పు కాలేదు. యాప్ నిజమే చెప్పింది. తినవచ్చా అన్న ప్రశ్నకు జవాబు మాత్రం ఆకులో లేదు. అది ఆ చేను ఎవరిది, మొన్న అక్కడ ఏం జరిగింది అన్న దానిలో ఉంది. ఆ సంగతి ఊళ్లో ఉండే మనిషికే తెలుస్తుంది.

ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. మా ఊరి కాలువ గట్టు గుర్తొచ్చింది. అక్కడి పొన్నగంటిని అమ్మమ్మ రేవుకు ఎగువన మాత్రమే కోసేది, దిగువకు నన్ను వెళ్లనిచ్చేది కాదు. మురుగు కలిసే చోటు అది అనేది. చిన్నప్పుడు అదంతా ఆమె చాదస్తం అనుకున్నాను. పేర్లతో పాటు ఆ హద్దులు కూడా ఆమె నాకు నేర్పుతూ ఉందని ఇప్పుడు తెలిసి బాధ కలిగింది. పేర్ల కోసం మూడు నెలలు వెతికాను. హద్దుల గురించి ఒక్కసారీ ఆలోచించలేదు.

మర్నాడు పొద్దున ఆరున్నరకే పెద్దమ్మ నన్ను తన చేనికి తీసుకెళ్లింది. రెండెకరాలు. కంది, జొన్న, పెసర కలిపి వేసింది. ఆ చేనిలో ఏ మందూ పడదు. సాళ్ల మధ్య మొలిచినదాన్ని కలుపు అనదు, కూర అంటుంది. వంగి గోటితో చిగురు గిల్లి ఒడిలో వేసుకుంటుంది, వేరుతో పీకదు. నేను ఒకటి పీకితే చేయి పట్టుకుని ఆపింది. గిల్లితే వారానికి మళ్లీ వస్తుందట.

ఫోను అక్కడ వేరే విధంగా పనికొచ్చింది. ఆమె ఒక ఆకు చూపించి దొగ్గలి అంది. నాకు ఆ పేరు కొత్త. ఫొటో తీస్తే అమరాంథస్ విరిడిస్ అని వచ్చింది. తెనాలిలో అమ్మమ్మ వండిన చిలక తోటకూర అదే! నలభై ఏళ్ల నాడు నా కంచంలో ఉన్న కూర, వేరే పేరుతో, వేరే నేలలో, ఈమె ఒడిలో ఉంది. పెద్దమ్మకు చెబితే నవ్వి, మీ వైపు చిలకలు తింటాయా అని అడిగింది. తర్వాత తుమ్మి చూపించింది, వినాయక చవితినాడు తప్పకుండా వండుతారట. బతుకమ్మకు పువ్వు కోసుకునే గునుగు, లేతగా ఉన్నప్పుడు కూరే. గలిజేరును గుర్తుపట్టడం నేర్పింది: కణుపు దగ్గర ఆకులు జంటగా ఉంటాయి, కానీ ఆ జంటలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. నా చేతిలో పెట్టి వేలితో తడిమించింది. గంగపాయలను వాళ్లు గంగవాయిలి అంటారు. పొద్దున కోస్తే పులుపు ఎక్కువ, చింతపండు తగ్గించుకోవచ్చు అంది. ఆ మాటకు ఆశ్చర్యపోయాను. నీటి ఎద్దడి ఉన్నప్పుడు ఈ మొక్క రాత్రంతా మాలిక్ ఆమ్లాన్ని ఆకుల్లో కూడబెట్టుకుని పగలు వాడుకుంటుందని ఎక్కడో చదివాను. నేను చదివింది ఆమె నాలుకకు తెలుసు.

ప్రతి ఆకు దగ్గరా ఆమె మాటలు రికార్డు చేశాను. ఫొటో, శాస్త్రీయ నామం, ఆమె గొంతు. ఏది ఎప్పుడు కోయాలి, దేన్ని ఒక పొంగు ఉడికించి నీళ్లు వంపాలి, దేన్ని పప్పులో వేయాలి. ఏ యాప్‌లోనూ ఇవన్నీ ఒక చోట దొరకలేదు నాకు.

తిరిగి వస్తుంటే కుంట ఒడ్డున ఆమె ఆగింది. ముదురు ఆకుపచ్చ ఆకులు, తెల్లటి చిన్న పూలు. రెండేళ్లుగా కనిపిస్తోందని, తనకు తెలియదని, ఫోనును అడగమని చెప్పింది. నాలుగు ఫొటోలు తీశాను, ఆకుకు, పువ్వుకు, కాడకు, మొత్తం మొక్కకు. మూడు పేర్లు వచ్చాయి, ఒక్కటీ ముప్ఫై శాతం దాటలేదు. ఇద్దరం కాసేపు దాన్నే చూస్తూ నిలబడి, కోయకుండా వచ్చేశాం.

ఆ మధ్యాహ్నం తిన్న భోజనం గురించి చెప్పకుండా ఉండలేను. జొన్న రొట్టె పొయ్యి మీద నుంచి నేరుగా కంచంలోకి వచ్చింది. దొగ్గలి, గలిజేరు కలిపి, ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి వేయించిన కూర. గంగవాయిలి పప్పులో చింతపండు నామమాత్రం. పప్పు నోట్లో పెట్టగానే మొదట పులుపు, వెనక నుంచి జిగురు, ఆ తర్వాత మట్టి వాసన లాంటిదేదో. ఇరవై రూపాయల కట్టలో అది ఎప్పుడూ లేదు. మూడో రొట్టె వద్దన్నా వేసింది. డబ్బు ఇవ్వబోతే ముఖం తిప్పుకుంది.

సాయంత్రం వాన పట్టుకుంది. తిరుగు బస్సు గురించి రాయడానికి ఏమీ లేదు, కిటికీ మూయడం రాక తడిశాను అంతే. పెద్దమ్మ తడిగుడ్డలో చుట్టి ఇచ్చిన కూరను పైన ఎవరి సంచో నలిపేసింది. ఇల్లు చేరేసరికి ఆకు సగం వాడిపోయింది. మిగిలింది వండుకుని, వాడిన గంగవాయిలి కాడల్ని పారేయలేక బాల్కనీ కుండీలో గుచ్చాను.

రెండు వారాల తర్వాత ఒక పొద్దున తొమ్మిదింటికి వాటి మీద పసుపు పువ్వు విచ్చుకుంది. ఐదు రేకులు, ఒక్కో రేకు కొనన చిన్న నొక్కు. ఎండెక్కితే ముడుచుకుంటుందని పరుగున ఫోను తెచ్చి ఫొటో తీసి, పెద్దమ్మకు చూపించమని ఆమె కోడలికి పంపాను. గంటకు కోడలి నుంచి జవాబు వచ్చింది: "పువ్వు వచ్చేదాకా ఎందుకు ఉంచావని అత్తమ్మ కోప్పడుతోంది అక్కా. మొన్ననే గిల్లాల్సిందట."